పదహారు గంటల పగలు

ఈ గదిల పొద్దు నేనే పొడిపిస్త.
పొద్దుగాల ఆరింటికి స్విచ్ ఏస్తే పగలు,
రాత్రి పదింటికి తీస్తే చీకటి.
బయట హన్మకొండ ఎంత మండినా
లోపల ఇరవై నాలుగు డిగ్రీలే.
మూతికి దూది బిరడాలు పెట్టుకొని
గాజు కుప్పెలల్ల కూసున్నయి
పచ్చటి నీళ్లు.

నీలోఫర్ మేడం మడికొండ అవతల
ఎవరిదో బాయికాడి తొట్టిల
బర్లు తాగంగ మిగిలిన అంచుకు
చెంచాతోని గీకి తెచ్చింది మొదాలు.
"నాచే గద మేడం, మా గోలెంల గూడ ఉంటది" అన్న.
నవ్వి, మైక్రోస్కోపు కింద చూపిచ్చింది:
నాలుగు గింజలు పక్కపక్కన,
చిక్కుడుకాయ చీరితే కనబడ్డట్టు,
రెండు కొసలకు ముండ్లు.
గంత చిన్నదానికి ముండ్లెందుకో!

అటెన్క మైలుతుత్తం.
మా నాయిన మిరప చేనుకు కొట్టిన నీలం గదే.
చిటికెల చిటికె, నీళ్లకు రంగు గూడ ఎక్కనంత.
మూడు దినాలకే పచ్చదనం పోయి
బియ్యం కడుగు లెక్క తేలిపోయింది.
కుప్పెలు కడుగుడు నా పని గద,
పారబోద్దామని మెడ పట్టిన.
"ఉండనీ యాకన్నా, ఇంకో వారం."

పదకొండో దినం
అడుగున, గాజు మూలకు
ఆవగింజంత పచ్చ.

అండ్లకెల్లి ఒక చుక్క కొత్త కుప్పెలకు,
తుత్తం జర ఎక్కువ.
మళ్ల పాలిపోవుడు, మళ్ల ఆవగింజ.
గిట్ల ముప్పై ఎనిమిది మార్లు.
గోడ క్యాలెండర్ల నేను టిక్కులు పెట్టిన దినాలకు
వాటికి ఎన్ని తరాలు గడిచినయో మేడం చెప్తే
నోరు తెరిచిన.
మనుషుల తరాలల్ల లెక్కేస్తే
మా ఇంటిపేరు పుట్టకముందుకు పోతది.

"అలవాటు పడ్డయా మేడం?"
పెన్ను మూత కొరుక్కుంట జరసేపు ఏమనలే.
"అలవాటే పడ్డయో,
ఓర్వనియన్ని పోయి
ముందే ఓర్చుకునే గుణమున్నది ఒక్కటి మిగిలిందో...
గదే తేలుస్తున్న.
లోపలికొచ్చిన రాగిని పట్టి, మూట గట్టి
ఓ మూలకు నూకుతయి కొన్ని.
కొన్ని గడపల్నే ఆపుతయి."

నా చేతులు చూసుకున్న.
ఇరవై రెండేండ్ల సంది
క్రోమిక్ యాసిడ్ల నానిన సీసాలు కడుగుతున్న చేతులు.
మొదటి ఏడు బొబ్బలు, గోర్ల సందుల పుండ్లు,
ఎడమ చేత్తోని చెంచా పట్టి బువ్వ తిన్న.
నాతోనే చేరిన మొగిలి
ఆరు నెలలకే మానేసి ఆటో కొనుక్కున్నడు.
ఇప్పుడు మంట తెల్వదు.
చాయ గ్లాసు వేడి గూడ తెల్వదు.
నేను అలవాటు పడ్డోన్నా,
మిగిలినోన్నా?
మేడంను అడగలే. ఆమె పని ఆమెకే ఉన్నది.

మొన్న గాలిదుమారానికి కరెంటు పోయింది.
కుప్పెలను ఊపే మిషను ఆగింది.
ఊపకుంటే అడుగుకు దిగి
ఒకదాని మీద ఒకటి పడి మబ్బువడ్తయి.
ఇన్వర్టర్ ఫ్రిజ్జుకే సాలలే.
అరగంటకోసారి ఒక్కోదాని మెడ పట్టుకొని
మెల్లగ చుట్టూ తిప్పిన,
పాలల్ల చక్కెర కరిగిచ్చినట్టు,
తెల్లారేదాంక.
టార్చి ఏస్తే నీలం నీళ్లల్ల పచ్చ సుడి.
గంత నీలంల బతుకుడేందిరా అయ్యా, అన్న, వాటితోనే.

ముప్పై తొమ్మిదో కుప్పెల
మేడం తుత్తం ఎయ్యలే.
ఉత్త మంచి నీళ్లు, తిండి ఉప్పులు.
పక్క కుప్పెల పాతయి,
తొట్టినుంచి వచ్చినంక తుత్తం మొకమే చూడనియి.
వారం దాటింది.
పాతయి గుప్పున పచ్చబడ్డయి.
ఇవి మాత్రం ఒక్కో గింజ, ఒక్కో గింజ,
ఏదో పారేసుకున్నట్టు.
మంచి నీళ్లే గద, ఏమైందే మీకు?
మేడం అంకెలు రాసుకున్నది,
బాగైందనలే, చెడిందనలే.
బుర్ఖా సర్దుకొని కాజీపేట బస్సుకు పోయింది.

గడియారం పది కొట్టింది.
స్విచ్ మీద వేలు పెట్టి
ఇంకో నిమిషం పగలు ఉంచిన.
బుక్కుల ఎక్కియ్యలే.